ఆస్ట్రేలియా చుట్టూ ఏడాది ప్రయాణం: కారవానా, మోటర్‌హోమా, క్యాంపర్ ట్రైలరా?

"వదినా, కారవాన్ కొనమంటావా, మోటర్‌హోమ్ కొనమంటావా?" మెల్‌బోర్న్‌లో మనవాళ్లు నలుగురు కలిసిన ప్రతిచోటా నాకు ఎదురయ్యే ప్రశ్న ఇది. కారవాన్ అంటే కారు వెనక తగిలించి లాగే చక్రాల ఇల్లు, మోటర్‌హోమ్ అంటే దానంతటదే నడిచే ఇల్లు. మేం ఇద్దరు పిల్లలతో, మధ్యలో నాలుగు నెలలు మా అత్తయ్యతో కూడా, పదిన్నర నెలలు ఆస్ట్రేలియా చుట్టి వచ్చాం. ఇక్కడ దీన్ని బిగ్ ల్యాప్ అంటారు. దేశం చుట్టూ తిరిగే హైవే 1 ఒక్కటే దాదాపు 14,500 కిలోమీటర్లు. ఉలూరు, కకడు, టాస్మేనియా లాంటివన్నీ కలుపుకునేసరికి మా మీటర్ అంతకు రెట్టింపు దాటింది.

అడిగినవాళ్లకు నేను జవాబు చెప్పను, ముందు ఒక ప్రశ్న వేస్తాను. సాయంత్రం ఐదింటికి మీ ఇంట్లో ఏం జరుగుతుంది?

నవ్వుతారు. కానీ షోరూముకెళ్తే మనం చూసేది సోఫా రంగు, మంచం వెడల్పు, బయట పెట్టిన టీవీ. ఆ బండి రోడ్డు మీద నడిచేది రోజుకు మూడు నాలుగు గంటలే. మిగతా సమయమంతా ఆగే ఉంటుంది. అసలు పరీక్ష ఐదింటికి మొదలవుతుంది. నాలుగు గంటలు సీట్లో కూర్చుని వచ్చిన పిల్లలకు ఆకలి, పెద్దవాళ్లకు కాఫీ కావాలి, బయట గాలి, చీకటి పడకముందే బండి సర్దాలి, అన్నం వండాలి. శాండ్‌విచ్‌తో రోజు గడిచిపోయే కుటుంబానికీ, రాత్రికి అన్నం, పప్పు, కనీసం చారైనా లేకపోతే నిద్రపట్టని కుటుంబానికీ ఒకే బండి సరిపోదు. ఆ గంట ఎవరికి తేలిగ్గా గడుస్తుందో వాళ్లకు అదే సరైన బండి. నేను చెప్పేదంతా ఆ లెక్కలోనే.

మోటర్‌హోమ్

ముందు దీని సంగతి, ఎందుకంటే అందరి మనసూ మొదట దీని మీదే పడుతుంది. ఇంజను, ఇల్లు ఒకటే. ఐదింటికి ఆగారంటే ఆగినట్టే. తగిలించేది, విడదీసేది ఏమీ లేదు. వానలో తడవకుండా సీట్లోంచి లేచి వెనక్కి నడిచి స్టవ్ వెలిగించొచ్చు. మొత్తం బరువు 4.5 టన్నుల లోపు ఉంటే మామూలు కారు లైసెన్సుతోనే నడపొచ్చు. వెనక్కి తీయడం కూడా కారవాన్ అంత టెన్షన్ కాదు.

మరి మేం ఎందుకు వద్దనుకున్నాం? ఒకే ఊళ్లో నాలుగు రోజులుంటే ఇది గుదిబండ అవుతుంది. పశ్చిమ తీరంలో ఎక్స్‌మౌత్ దగ్గర కారవాన్ పార్కులో, అంటే ఇలాంటి బళ్లు ఆపుకుని ఉండటానికి చోటు అద్దెకిచ్చే స్థలంలో, మా పక్క సైట్‌లో మోటర్‌హోమ్ కుటుంబం ఒకటి ఉండేది. నింగలూ తీరంలో పగడపు దిబ్బలు చూడటానికి రోజూ కేప్ రేంజ్ నేషనల్ పార్కులోకి వెళ్లాలి. మేం కారవాన్‌ని అక్కడే వదిలి కారులో వెళ్లిపోయేవాళ్లం. వాళ్లు మాత్రం ప్రతి పొద్దున్నా గిన్నెలు లోపల పెట్టి, కరెంటు వైరు చుట్టి, నీళ్ల పైపు పీకి, ఇల్లంతా మోసుకుని బయల్దేరేవాళ్లు. పాల ప్యాకెట్ అయిపోయినా అదే తంతు.

పిల్లలున్నవాళ్లు చూడాల్సింది ఇంకొకటుంది. ప్రకటనలో ఆరుగురు పడుకోవచ్చని ఉంటుంది. ఆరుగురు బెల్టు పెట్టుకుని కూర్చోగలరా అన్నది వేరే సంగతి. ఇక్కడ ఏడేళ్ల లోపు పిల్లలకు వయసుకు తగిన చైల్డ్ సీటు తప్పనిసరి. చిన్నపిల్లల సీట్లకు వెనక పైపట్టీ తగిలించే కొక్కెం ఉండాలి, చాలా మోటర్‌హోముల్లో అలాంటి కొక్కేలు ఒకటి రెండు చోట్లే ఉంటాయి. కొనేముందు మీ పిల్లల సీట్లు తీసుకెళ్లి బిగించి చూడండి. ఫోటోలు చూసి నమ్మకండి. ఇక ఇంజనుకు జబ్బు చేస్తే ఇల్లు మొత్తం మెకానిక్ దగ్గర ఉంటుంది, మీరు హోటల్లో ఉంటారు.

అయితే మూడు నాలుగు వారాల ప్రయాణానికి, అద్దెకు, దీన్ని మించింది లేదు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు మెల్‌బోర్న్ నుంచి అడిలైడ్ దాకా తీరం వెంబడి వెళ్లిరావడానికి కళ్లుమూసుకుని తీసుకోండి. తేదీల విషయంలో పట్టింపు లేకపోతే, అద్దె కంపెనీలు బండిని ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి చేర్చడానికి రోజుకు డాలరు, ఐదు డాలర్లకు ఇచ్చే రీలొకేషన్ బళ్లు కూడా ఉంటాయి. గడువు తక్కువ ఇస్తారు, దారిలో ఎక్కడా తీరిగ్గా ఆగలేరు.

క్యాంపర్ ట్రైలర్

చిన్న ట్రైలర్. మూత తెరిస్తే గుడారంలా విచ్చుకుంటుంది. తేలిక, చవక, మట్టిరోడ్ల మీద బెదరదు, మధ్యరకం కారే లాగుతుంది, డీజిల్ కూడా తక్కువ తాగుతుంది. వంటగది వెనక నుంచి సొరుగులా బయటికి వస్తుంది. మనలాంటి వాళ్లకు ఇది వరం: ఎండుమిరపకాయల తాళింపు ఘాటు దుప్పట్లకు పట్టదు, పొగ అలారం మోగదు.

కానీ ఐదింటి పరీక్షలో ఇది తప్పుతుంది. షోరూములో కుర్రాడు ఐదు నిమిషాల్లో విప్పి చూపిస్తాడు. గాలిలో, ఇద్దరు పిల్లలు కాళ్లకు అడ్డం పడుతుండగా, పక్కలు వేసి, మేకులు కొట్టి, పూర్తయ్యేసరికి మాకు ముప్పావు గంట పట్టింది. ఒక వారాంతం అద్దెకు తెచ్చి చూశాం లెండి. పొద్దున్నే వానలో తడిసిన గుడ్డను అలాగే మడిచి, సాయంత్రానికి విప్పి ఆరబెట్టకపోతే బూజు పడుతుంది. అర్ధరాత్రి అత్తయ్య బాత్రూముకు వెళ్లాలంటే నిచ్చెన దిగి, టార్చి పట్టుకుని, వంద అడుగులు నడవాలి. మోకాళ్ల నొప్పులున్న మనిషిని అలా తిప్పడం నాకు ఇష్టం లేదు. పైగా చలి. ఇక్కడ జులై అంటే చలికాలం. దేశం మధ్య ఎడారిలో ఉన్న ఆలిస్ స్ప్రింగ్స్‌లో అప్పుడు రాత్రిళ్లు సున్నా కిందికి కూడా పోతుంది, ఎడారి అంటే ఎప్పుడూ వేడే అనుకుని దుప్పట్లు తక్కువ తెచ్చుకున్నవాళ్లను చూశాను.

మే నుంచి ఆగస్టు దాకా మూడు నెలలు ఉత్తరాన తిరిగి వద్దాం, పిల్లలు పదేళ్లు దాటారు, పెద్దవాళ్లు వెంట లేరు అంటే ఇదే తీసుకోండి. ఏడాదికి మాత్రం వద్దంటాను.

కారు, టెంటు, మధ్యమధ్యలో కారవాన్ పార్కుల్లో క్యాబిన్ (చిన్న గది లాంటి ఇల్లు) అద్దెకు తీసుకోవడం అనే దారి కూడా ఉంది. దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. పార్కులో కరెంటున్న సైట్ రాత్రికి సుమారు 50 నుంచి 80 డాలర్లు, క్యాబిన్ దానికి రెండు మూడు రెట్లు. కానీ బండి కొనక్కర్లేదు, లాగక్కర్లేదు, తిరిగొచ్చాక అమ్మక్కర్లేదు. ఆ డబ్బుతో చాలా రాత్రులే గడుస్తాయి.

కారవాన్, అందులోనూ బరువు

మేం కొన్నది పందొమ్మిది అడుగుల వాడిన కారవాన్. వెనక పిల్లలకు ఒకదానిమీద ఒకటి రెండు మంచాలు, ముందు మా మంచం, మధ్యలో బల్ల. ఆ బల్లను దించితే ఇంకో పక్క అవుతుంది, అత్తయ్యది అదే. ఐదింటికి ఆగి, చక్రాలకు చెక్కలు పెట్టి, కారు విడదీసి, కరెంటు తగిలించడానికి ఇరవై నిమిషాలు. మా ఆయన ఆ పని చేస్తుంటే నేను లోపల కుక్కర్ పెట్టేసేదాన్ని. రెండో విజిల్ వచ్చేసరికి ఆయన కుర్చీలు వేసేవాడు. పిల్లల మంచాలు ఎప్పుడూ పరిచే ఉంటాయి. పది నెలల్లో ఈ ఒక్క సౌఖ్యం మమ్మల్ని ఎన్ని గొడవల నుంచి కాపాడిందో!

దీనితో వచ్చే తలనొప్పి పేరు బరువు. ఇక్కడ తొందరపడొద్దు.

కారవాన్ మీద ఒక రేకు బిళ్ల ఉంటుంది. దాని మీద టేర్ అని ఒక అంకె, ఏటీఎం అని ఒక అంకె. ఈ ఏటీఎం బ్యాంకుది కాదు, సామానుతో సహా కారవాన్ గరిష్ఠంగా ఎంత బరువుండొచ్చో చెప్పే అంకె. టేర్ అంటే ఖాళీ బండి బరువు. రెండింటి తేడానే మీరు వేసుకోగల సామాను. మాది టేర్ 2,180 కిలోలు, ఏటీఎం 2,600. అంటే 420 కిలోలు. బోలెడనిపిస్తుంది కదా? రెండు నీళ్ల ట్యాంకులు, ఒక్కోటి 95 లీటర్లు, నిండితే 190 కిలోలు పోయాయి. నిండు గ్యాస్ సిలిండర్లు రెండు కలిపి 36 దాకా. మిగిలింది 194. అందులోనే ఐదుగురి బట్టలు, దుప్పట్లు, గిన్నెలు, పిల్లల పుస్తకాలు, కుర్చీలు, పనిముట్లు, ఇరవై కిలోల బియ్యం సంచి, మిక్సీ, ఊరగాయ జాడీలు. అత్తయ్య గుంటూరు నుంచి చిన్న రోలు కూడా తెచ్చింది, అది వేరే కథ.

మొదటిసారి బళ్లు తూచే వేబ్రిడ్జి మీద పెట్టినప్పుడు మేం 60 కిలోలు ఎక్కువున్నాం. బరువు మించితే జరిమానా సంగతి అటుంచి, ప్రమాదం జరిగితే బీమావాళ్లు చేతులెత్తేసే అవకాశం ఉంటుంది. సగం గిన్నెలు, ఒక సైకిలు తిరిగి ఇంటికి వెళ్లాయి. రోలు మాతోనే వచ్చింది.

ఇక కారు. డ్యూయల్ క్యాబ్ యూట్ (రెండు వరసల సీట్లు, వెనక తొట్టి ఉన్న పికప్ బండి) 3,500 కిలోలు లాగుతుందని ప్రకటనలో ఉంటుంది. కానీ కారు, కారవాన్ కలిపి ఎంతుండొచ్చో చెప్పే జీసీఎం అనే ఇంకో అంకె ఉంటుంది, దాన్ని సేల్స్‌మన్ తనంతట తాను చెప్పడు. ఉదాహరణకు జీసీఎం 6,000 అనుకోండి. వెనక 3,500 తగిలిస్తే కారుకు మిగిలేది 2,500. ఖాళీ కారే 2,250 ఉంటే, నలుగురు మనుషులకూ సామానుకూ కలిపి 250 కిలోలు! మగాళ్లిద్దరు ఎక్కితేనే చాలావరకు అయిపోతుంది. పైగా కారవాన్ ముక్కు బరువు, సుమారు పదో వంతు, కారు వెనక భాగం మీద పడుతుంది. కారు మోయగల బరువులో అది కూడా లెక్కే. అందుకే ముందు కారవాన్ చూసి తర్వాత కారు వెతుక్కోకండి. ఇప్పుడున్న కారు ఏం లాగగలదో కాగితం మీద రాసుకుని, దానికి ఒక 400 కిలోలు తక్కువలో కారవాన్ వెతకండి. రెండు టన్నులు దాటిన కారవాన్‌కు అన్ని చక్రాలకూ బ్రేకులు ఉండాలి, కారు నుంచి తెగిపోతే వాటంతటవే పడే ఏర్పాటు కూడా ఉండాలి. వాడిన బండి కొనేటప్పుడు అది పనిచేస్తోందా అని చూడండి.

డీజిల్ మాకు సగటున వంద కిలోమీటర్లకు 18 లీటర్లు. ఎదురుగాలిలో 22 కూడా చూశాం. వాయవ్య తీరంలోని బ్రూమ్ నుంచి దక్షిణానికి వస్తే, ఊరి బయట రోబక్ రోడ్‌హౌస్ (హైవే పక్క బంకు, హోటలు) దాటాక సాండ్‌ఫైర్ రోడ్‌హౌస్ దాకా 280 కిలోమీటర్లకు పైగా పెట్రోలు బంకు ఉండదు. చిన్న ట్యాంకు కారుకు ఇది గుండెదడ.

ఆఫ్‌రోడ్ కారవాన్ కావాలా?

అమ్మేవాళ్లు కావాలంటారు. మట్టిరోడ్లను తట్టుకునేలా కట్టిన ఆ బండి ఇరవై ముప్పై వేల డాలర్లు ఎక్కువ, మూడు నాలుగు వందల కిలోలు ఎక్కువ బరువు. హైవే 1 దాదాపు మొత్తం తారురోడ్డే. దక్షిణాన చెట్టూచేమా లేని నల్లార్బర్ మైదానం మీద కూడా తారురోడ్డే, సెడ్యూనా నుంచి నార్స్‌మన్ దాకా 1,200 కిలోమీటర్లు. ఉలూరుకూ, కకడులో ముఖ్యమైన చోట్లకూ తారు ఉంది. లేనిది వాయవ్యాన కింబర్లీ ప్రాంతంలో గిబ్ రివర్ రోడ్డు లాంటి వాటికి. అది 660 కిలోమీటర్లు, చాలాభాగం కంకర. ఏడాదిలో పది రోజుల మట్టిరోడ్డు కోసం మిగతా మూడొందల యాభై రోజులు ఆ బరువు లాగడం నాకు అర్థం కాదు. మేం కారవాన్‌ని ఒక పార్కులో నిల్వ ఉంచి, టెంటు వేసుకుని వారం తిరిగొచ్చాం. పిల్లలకు మొత్తం ప్రయాణంలో ఎక్కువ గుర్తున్న వారం అదే.

వంట, కరెంటు, నీళ్లు

చాలా కారవాన్లలో పార్కు కరెంటు లేనప్పుడు లైట్లు, పంపు, ఫ్రిజ్ మాత్రమే పనిచేస్తాయి. మిక్సీ తిరగాలంటే బ్యాటరీ కరెంటును ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్ కావాలి. 750 వాట్ల మిక్సీకి 2,000 వాట్ల ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ ఉంటే నిశ్చింత, మొదలయ్యేటప్పుడు మోటారు ఎక్కువ లాగుతుంది. 700 వాట్ల రైస్ కుక్కర్ ఒక పూట అన్నానికి 200 ఆంపియర్ అవర్ లిథియం బ్యాటరీలో ఎనిమిదో వంతు తినేస్తుంది. మేం అన్నం గ్యాస్ మీదే వండుకున్నాం, బ్యాటరీని చట్నీకి దాచుకున్నాం.

బయటి వంటగది ఉన్న కారవాన్ తీసుకోవాలా అంటే, ఉంటే మంచిదే, కానీ లోపల కూడా ఉండి తీరాలి. వేసవిలో టోటల్ ఫైర్ బ్యాన్ రోజులుంటాయి, అంటే కార్చిచ్చు భయంతో బయట మంటలను నిషేధించే రోజులు. ఆ రోజుల్లో బయట పొయ్యి వెలిగించడం మీద ఆంక్షలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి. అప్పుడు లోపల స్టవ్ ఉన్నవాడిదే రాజ్యం. కిటికీ, పైకప్పు మూత తెరవకుండా మాత్రం గ్యాస్ వెలిగించకండి. టెంటు లోపలైతే అసలే వద్దు, విషవాయువు వాసన రాదు.

పెద్ద ఫ్రిజ్ కోసం ఎక్కువ డబ్బు పెట్టకండి. పశ్చిమ ఆస్ట్రేలియాలోకి వెళ్లేటప్పుడు బోర్డర్ విలేజ్ దగ్గర, ఉత్తరం నుంచి వస్తే కునునుర్రా దగ్గర, పంటలకు తెగుళ్లు, పురుగులు రాకుండా తనిఖీ ఉంటుంది. పళ్లు, కూరగాయలు, తేనె తీసేసుకుంటారు. తిరుగుదారిలో సెడ్యూనా దగ్గర కూడా పళ్లు, కూరగాయలకు తనిఖీ ఉంటుంది. మా కరివేపాకు, పచ్చిమిర్చి, వంకాయలు అన్నీ చెత్తబుట్ట పాలయ్యాయి. కరివేపాకు నిమ్మ కుటుంబపు మొక్క, దాని మీద ఇంకా అనుమానం. ఆ ముందు రోజు రాత్రి ఉన్న కూరగాయలన్నీ వండేసి, అటువైపు మళ్లీ కొనుక్కోండి. పప్పులు, కారం, చింతపండు ఎండువే కాబట్టి ఎక్కువగా మోసుకెళ్లండి. చిన్న ఊళ్లలో దొరకవు.

190 లీటర్ల నీళ్లు మాకు మూడున్నర రోజులు వచ్చేవి, అదీ గిన్నెలు తొట్టిలో కడిగి, స్నానం చెంబుతో చేస్తే. షవర్ పెద్దదని మురిసిపోకండి. లోపల టాయిలెట్ మాత్రం ఉండాల్సిందే. క్యాసెట్ (టాయిలెట్ కింద మలం చేరే పెట్టె) ఖాళీ చేసే డంప్ పాయింట్లు చాలా ఊళ్లలో ఉంటాయి. ఆ పని ఎవరిదన్నది బయల్దేరకముందే తేల్చుకోండి.

కొత్తదా, వాడినదా?

వాడినదే. కొత్త బండి మొదటి ఏడాదే బాగా ధర పడిపోతుంది. కాకపోతే వాడినదానికి శత్రువు తడి. మేం చూసిన మొదటి కారవాన్ పైకి మెరిసిపోతోంది, అమ్మేవాడు మంచి మాటకారి. మంచం కింద గోడ నొక్కితే బిస్కెట్‌లా లోపలికి పోయింది. తేమ కొలిచే మీటర్ ముప్పై నలభై డాలర్లకు దొరుకుతుంది, పట్టుకెళ్లండి. టైర్ల మీద తయారైన వారం, ఏడాది ముద్రించి ఉంటాయి, ట్రెడ్ బాగున్నా వయసు చూడండి.

ఎప్పుడు బయల్దేరతారన్నది కూడా ఏ బండి అన్నదాన్ని మారుస్తుంది. ఉత్తరాన నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వానలు, తుఫాన్లు. 2023 జనవరి వరదలో ఫిట్జ్‌రాయ్ క్రాసింగ్ దగ్గర హైవే వంతెనే దెబ్బతిని పనికిరాకుండా పోయింది, కొత్తది ఆ ఏడాది చివర్లోగానీ తెరుచుకోలేదు. మెల్‌బోర్న్ నుంచైతే ఫిబ్రవరిలోపు టాస్మేనియా ముగించి, మార్చిలో పడమరకు కదిలి, జూన్, జులైల్లో బ్రూమ్, ఆగస్టులో డార్విన్ చేరేలా చూసుకుంటే వాన మీ వెనకే ఉంటుంది. టాస్మేనియా ఓడ జీలాంగ్ నుంచి డెవన్‌పోర్ట్‌కు వెళ్తుంది. టికెట్ బండి పొడవును బట్టి ఉంటుంది, కారవాన్ వాళ్లకు అక్కడ జేబుకు చిల్లే.

పిల్లల చదువు గురించి ఒక్క మాట. దూరవిద్యలో చేర్చినా, బడి నుంచి పాఠాలు తెచ్చుకున్నా, మీరే చెప్పుకున్నా, రోజూ రెండు గంటలు ఆ బల్ల దగ్గరే కూర్చోవాలి. బల్ల లేని బండి కొనకండి.

ఏది కొన్నా ముందు అలాంటిదే ఒకటి శుక్రవారం నుంచి ఆదివారం దాకా అద్దెకు తీసుకోండి. ఎండాకాలంలో కాదు, జులైలో. మెల్‌బోర్న్‌కు నైరుతిగా తీరంలో ఉన్న లోర్న్ వైపు వెళ్లి, సాయంత్రం ఐదింటికి ఆగి, అన్నం, పప్పు, చారు వండి, పిల్లలకు స్నానాలు చేయించి, తొమ్మిదింటికి పడుకోండి. మా చెల్లెలు వాళ్లు మా కారవాన్ చూసి ముచ్చటపడి, నేను పోరగా పోరగా అలాగే చేశారు. సోమవారం పొద్దున్నే ఫోన్. "అక్కా, కారవాన్ వద్దే, మేం కారేసుకుని క్యాబిన్లలో ఉంటూ తిరుగుతాం" అంది. ఇప్పుడు డార్విన్‌లో ఉన్నారు. నిన్న రాత్రి గుత్తివంకాయ వండిందట, ఫోటో పంపింది.